ఆల్ప్స్‌లో స్కీకి పోయేముందు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల పిల్లలు చదువులకు, కొలువులకు యూరప్ బాట పట్టాక ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలూ మారాయి. చలికాలం దగ్గరపడేసరికి ఈసారి సగానికి పైగా స్కీ, అంటే కాళ్ళకు పొడవాటి పట్టెలు తొడుక్కుని మంచువాలు మీద జారే ఆట, గురించే వచ్చాయి. దాదాపు అందరూ ముందు అడిగింది ఏ ఊరికి పోవాలని. మొదటిసారి పోయేవారికి ఊరి పేరు చివరి సంగతి. కాలికి పట్టే బూటు, నేర్పే మనిషి, బీమా కాగితం ఈ మూడూ కుదిరితే చిన్న గుట్ట చాలు. అవి కుదరకుంటే పేరుమోసిన స్విస్ స్కీ ఊరు జెర్మాట్‌కు పోయినా డబ్బులు దండగే.

మా చిన్నోడు మ్యూనిక్‌ల కొలువు చేస్తుండు. క్రిస్మస్ సెలవులల్ల దోస్తులతోని స్కీకి పోతనంటుండు. పుట్టినకాడికెళ్ళి మంచు మొఖం చూడనోడు. కాళ్ళు చేతులు విరగ్గొట్టుకుంటడేమోనని నాకు నిద్ర పడ్తలేదు. వద్దనాల్నా, పొమ్మనాల్నా?
– ఒక తల్లి, మిర్యాలగూడ

పొమ్మనండి అమ్మా. కానీ "దోస్తు నేర్పిస్తడు" అంటే మాత్రం ఒప్పుకోకండి. స్కీ వచ్చిన దోస్తు తనకు సులువనిపించిన వాలు మీదికి తీసుకుపోతాడు. కొత్తవాడికి పైనుంచి చూస్తే అదే గోడలా కనిపిస్తుంది. పైకి లిఫ్ట్ ఎక్కిస్తుంది, దిగేది మాత్రం తనే దిగాలి. కనీసం మూడు రోజులు స్కీ స్కూల్లో గ్రూప్ క్లాసులో చేరమనండి. ఈ క్లాసులు ఎక్కువ చోట్ల ఆదివారమో సోమవారమో మొదలవుతాయి. బుధవారం చేరితే మొదటి రోజు పాఠం పోయినట్టే. అందుకే ముందు క్లాసు తేదీ చూసుకుని, ఆ తర్వాతే రైలు టికెట్ కొనాలి.

మొదటి పాఠం ఆగడం. స్కీల ముందు కొనలు దగ్గరగా, వెనక కొనలు ఎడంగా పెట్టి లోపలి అంచులను మంచులోకి నొక్కితే వేగం తగ్గుతుంది. పిల్లలకు దీన్నే 'పిజ్జా' అని నేర్పుతారు. భయపడ్డ మనిషి ఒళ్ళు దానంతటదే వెనక్కి వాలుతుంది, చిక్కంతా అక్కడే వస్తుంది. బరువు మడమల మీదికి పోతే ముందు కొనలు తేలిపోయి స్కీ తిప్పినట్టు తిరగదు, వేగం ఇంకా పెరుగుతుంది. మోకాళ్ళు ముందుకు వంచాలి. కాలి ముందుభాగం బూటు నాలుకకు ఆనాలి. చేతులు రెండూ తన కళ్ళకు కనబడేటంత ముందుకు ఉండాలి.

మీరు ఎముకలు విరుగుతాయేమోనని భయపడుతున్నారు. స్కీలో ఎక్కువగా దెబ్బతినేది మోకాలి లిగమెంట్లు. కూర్చున్నట్టు వెనక్కి పడుతూ మధ్యలో లేవబోతే స్కీ వెనక భాగం మీట వేసినట్టు మోకాలిని మెలితిప్పుతుంది. కాబట్టి పడటం మొదలయ్యాక పడిపోవడమే మేలు. పక్కకు, కొండ వైపు పడాలి. పూర్తిగా ఆగేదాకా లేవకూడదు. ఆగాక స్కీలు రెండూ వాలుకు అడ్డంగా, తనకంటే దిగువన ఉండేట్టు తిప్పుకుని అప్పుడు లేవాలి.

ఇంకో మాట గట్టిగా చెప్పండి. అద్దె దుకాణంలో బరువు, ఎత్తు, వయసు అడుగుతారు. స్కీ ఎంత వచ్చో కూడా అడుగుతారు. వీటికితోడు బూటు అడుగు పొడవు చూసి బైండింగ్ బిగువు, అంటే బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపు ఎంత గట్టిగా ఉండాలో, పెడతారు. పడ్డప్పుడు బూటు స్కీ నుంచి ఊడిరావాలి, ఆ బిగువు పని అదే. సిగ్గుపడి "నాకు మంచిగనే వస్తది" అన్నా, బరువు ఎక్కువ చేసి చెప్పినా బైండింగ్ బిగుసుకుపోయి ఊడాల్సిన సమయానికి ఊడదు. తక్కువ చేసి చెబితే జారుతుండగానే ఊడిపోతుంది. ఈ విషయంలో బడాయి పనికిరాదు. చేతికర్రల పట్టీలు కూడా మొదట్లో మణికట్టుకు తొడగకపోవడమే మంచిది. కర్రతోపాటు పడితే బొటనవేలి లిగమెంటు తెగుతుంది.

దెబ్బలకు అలసట పెద్ద కారణం. మధ్యాహ్నం అయ్యేసరికి తొడలు వణుకుతాయి, ఎండకు కరిగిన మంచు నీడపడ్డ చోట మళ్ళీ గడ్డకడుతుంది. ఆ సమయంలో లోయలోని ఊరిదాకా స్కీ మీదే దిగాలని అందరికీ సరదా. ఆ బాట ఇరుకుగా, అద్దంలా నున్నగా, రద్దీగా ఉంటుంది. కొత్తవాడు కిందికీ కేబుల్ కారులోనే రావాలి. చివరి కారు ఎన్ని గంటలకో పొద్దున్నే చూసి పెట్టుకోవాలి.

వెళ్ళేముందు ఆరు వారాలు గుంజీలు తీయమనండి. గోడకు వీపు ఆనించి కుర్చీ లేకుండా కూర్చునే కసరత్తు కూడా చేయాలి, నిమిషంతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. సెలవుకు ఇంటికి వస్తే భువనగిరి కోట మెట్లు ఎక్కించండి. మలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014లో ఎవరెస్టు ఎక్కకముందు సాధన మొదలుపెట్టింది ఆ బండ మీదే. స్కీకి మాత్రం ఎక్కడం కన్నా నెమ్మదిగా దిగడం ముఖ్యం. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువు మోస్తుంది, వాలు మీదా అదే పని చేయాలి.

నల్లగొండ నుంచి వచ్చి డోర్ట్‌ముండ్‌లో ఎం.ఎస్. చదువుతున్న. పార్ట్‌టైం పైసలతోనే బతుకు. తక్కువల తక్కువ ఖర్చుతోని స్కీ నేర్చుకునే తొవ్వ చెప్పండి.
– ఒక విద్యార్థి

మొదటి రోజుకు ఆల్ప్స్ అక్కర్లేదు తమ్ముడూ. నీ ఊరినుంచి వింటర్‌బెర్గ్ అనే స్కీ ఊరికి నేరుగా ప్రాంతీయ రైలుంది, జర్మనీ అంతటా ప్రాంతీయ రైళ్ళకు పనికొచ్చే నెల టికెట్ డాయిచ్‌లాండ్ టికెట్ చెల్లుతుంది. ఆ చుట్టుపక్కల పేరున్న గుట్ట కాలెర్ ఆస్టెన్ ఎత్తు 842 మీటర్లే. మంచుకు హామీ లేదు, యంత్రాలతో చల్లిన మంచు మీదే నడుస్తుంది. కానీ ఆగడం, తిరగడం నేర్చుకోవడానికి అది సరిపోతుంది. ఒళ్ళు అలవాటుపడ్డాక మ్యూనిక్‌ దాకా పోయి అక్కడినుంచి గార్మిష్‌కో, సరిహద్దు దాటి ఆస్ట్రియాలోని కుఫ్‌స్టైన్‌కో అదే టికెట్ మీద ప్రాంతీయ రైళ్ళలో పోవచ్చు. వేగంగా పోయే ఐసీఈ రైలెక్కితే మాత్రం వేరే టికెట్ కొనాలి.

అతి పెద్ద ఖర్చు లిఫ్టులు ఎక్కడానికి కొనే పాసు. ఆస్ట్రియాలోని పెద్ద రిసార్టుల్లో రోజు పాసు 70 యూరోలు దాటిపోయింది. కొత్తవాడు ఆ పాసు కొనడం శుద్ధ దండగ. వంద కిలోమీటర్ల వాలులకు డబ్బు కట్టి, ఒక్క చిన్న వాలు మీదే రోజంతా గడుపుతాడు. నేర్చుకునేవారి కోసం కిందనే నేల మీద సాగే పట్టీ, చిన్న లిఫ్ట్ ఉంటాయి. వాటికి విడిగా చవక టికెట్టో, పాయింట్ల కార్డో అడగాలి. స్కీలు, బూట్లు, కర్రలు కలిపి రోజు అద్దె సుమారు 25 నుంచి 40 యూరోలు. ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేస్తే తగ్గుతుంది.

సమయం కూడా డబ్బే. క్రిస్మస్ నుంచి జనవరి మొదటి వారం దాకా, మళ్ళీ ఫిబ్రవరిలో బడి సెలవులప్పుడు గదుల రేట్లు మండిపోతాయి, లిఫ్ట్ దగ్గర వరుసలు సాగిపోతాయి. జనవరి రెండో వారం నుంచి నెలాఖరు దాకా అన్నిటికన్నా మేలు.

బట్టలు కొత్తవి కొనకు. ఆల్డీ, లీడిల్ దుకాణాల్లో చలికాలం ముందు స్కీ బట్టలు చవకగా పెడతారు. పాతవి క్లైన్‌అన్‌త్సైగెన్ అనే పాత సామాన్ల వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. జీన్స్ మాత్రం వేసుకోకు. పత్తి తడిస్తే ఆరదు, మొదటి గంటలోనే పదిసార్లు పడతావు, ఆ తడి ఒంటి వేడినంతా లాగేస్తుంది. లోపల పాలిస్టరో మెరినో ఉన్నిదో థర్మల్, దానిమీద ఫ్లీస్, పైన నీరు పట్టని జాకెట్, ప్యాంటు వేసుకోవాలి. లేబుల్ మీద నీటిని ఆపే కొలత 10,000 మిల్లీమీటర్లు అని ఉంటే చాలు. గ్లోవ్స్ కూడా నీరు పట్టనివే ఉండాలి, ఊలువి పనికిరావు. గోగుల్స్‌కు వెలుతురును ఎంత ఆపాలో దాన్ని బట్టి మబ్బురోజున ఎస్1, మామూలుగా ఎస్2, మంచి ఎండకు ఎస్3 అద్దం. మన ఎండలు చూసినవాళ్ళం కదా అని సన్‌స్క్రీన్ మానకు. ప్రతి 1,000 మీటర్లకు అతినీలలోహిత కిరణాలు 10 నుంచి 12 శాతం పెరుగుతాయి, కొత్త మంచు అందులో 80 శాతం దాకా తిప్పికొడుతుంది. గడ్డం కింద, ముక్కు రంధ్రాల దగ్గర కూడా కాలుతుంది.

పాసు కార్డును జాకెట్ ఎడమ జేబులో విడిగా పెట్టుకో. గేటు దాన్ని ఎడమ వైపునుంచే చదువుతుంది. ఫోనుతో కలిపి పెడితే గేటు తెరుచుకోదు, వెనక వరుసంతా గొణుగుతుంది.

మాది వనపర్తి, ఉండేది జ్యూరిక్. పోయినేడు అద్దె బూట్లతో పాదాలు తిమ్మిరెక్కి మధ్యాహ్నానికే వచ్చేశాను. ఒక సైజు పెద్దది తీసుకుంటే సరిపోతుందా?
– ఒక పాఠకుడు

సరిపోదు, ఇంకా పాడవుతుంది. తిమ్మిరికి చాలాసార్లు కారణం పెద్ద బూటే. అందులో పాదం కదులుతుంది, కదలకుండా ఉండాలని బకిల్స్ బిగిస్తాం, ఆ బిగువుకు పాదం మీది నరం, రక్తనాళం నొక్కుకుపోతాయి.

స్కీ బూటు సైజు సెంటీమీటర్లలో ఉంటుంది. కాగితం మీద మడమను గోడకు ఆనించి నిలబడి, పొడవైన వేలి కొసదాకా కొలవండి. 26.5 వస్తే 26.5 బూటుతోనే మొదలుపెట్టండి. మన రోజువారీ షూ నంబరును మార్చి చెప్పడం వల్లే చాలామందికి ఒక సైజు ఎక్కువ అంటగడతారు. తొడిగాక మడమను రెండుసార్లు నేలకు కొట్టి వెనక్కి జరపాలి. ముందు పైన చీలమండ దగ్గరి బకిల్, ఆ తర్వాత కాలి పట్టీ, చివర వేళ్ళ మీదివి పెట్టాలి. వేళ్ళ మీది బకిల్స్ ఊడకుండా ఉంటే చాలు, వాటి పని బిగించడం కాదు.

నిటారుగా నిలబడితే వేళ్ళు బూటు కొసకు తగలాలి. మోకాళ్ళు ముందుకు వంచితే వేళ్ళు కొద్దిగా వెనక్కి రావాలి. అప్పుడు మడమ పైకి లేవకూడదు. వంచినా వేళ్ళు నొక్కుకుంటుంటే చిన్నది. నిటారుగా ఉన్నప్పుడే వేళ్ళు ఆడుతుంటే పెద్దది. దుకాణంలోనే పది నిమిషాలు తొడుక్కుని తిరగండి, మొహమాటపడొద్దు. వాలు మీద నొప్పి మొదలైతే మధ్యాహ్నం పోయి మార్చుకోవచ్చు, చాలా దుకాణాలు అందుకు డబ్బు అడగవు.

సాక్సు ఒక్కటే, పలచటిది, మోకాలిదాకా వచ్చేది. చలికని రెండు జతలు వేసుకుంటే ముడతలు పడి ఒరుసుకుపోతుంది, రక్తం ఆడక పాదం ఇంకా చల్లబడుతుంది. థర్మల్ ప్యాంటు కొస కూడా బూటులోకి పోకూడదు, పిక్క దగ్గరే మడవాలి. రాత్రి బూట్లను కారులో వదలకండి. చల్లబడ్డ ప్లాస్టిక్ గట్టిపడి పొద్దున కాలు దూరదు, తడి కూడా ఆరదు. స్కీ పొడవు కొత్తవారికి ఛాతీకి గడ్డానికి మధ్య ఉంటే తిప్పడం సులువు.

బిడ్డ లండన్‌ల ఉంటది, కొడుకు స్టుట్‌గార్ట్‌ల ఉంటడు. ఇద్దరిదీ ఇండియా పాస్‌పోర్టే. ఫ్రాన్స్‌ల షమోనీకి కలిసి పోదమనుకుంటున్నరు. కాగితాలు ఏమేం కావాలె?
– సూర్యాపేట

కొడుకుకు జర్మనీ నివాస కార్డు ఉంది కాబట్టి వీసా అక్కర్లేదు. ఏ 180 రోజుల్లో చూసినా 90 రోజులు మించకుండా షెంగెన్ దేశాల్లో, అంటే ఒకే వీసాతో తిరగనిచ్చే యూరప్ దేశాల్లో, తిరగొచ్చు. పాస్‌పోర్టు, కార్డు రెండూ దగ్గర ఉండాలి, ఫోన్లో ఫొటో చెల్లదు. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్ (ఈయూ)లో లేకున్నా షెంగెన్‌లో ఉంది.

బిడ్డకు షెంగెన్ వీసా కావాలి. బ్రిటన్ వీసా దానికి పనికిరాదు. షమోనీకి పోయేవారు చాలామంది జెనీవాలో విమానం దిగుతారు, అది చూసి స్విస్ వీసాకు దరఖాస్తు పెట్టడం తప్పు. ఎక్కువ రోజులుండేది ఫ్రాన్స్‌లో కనుక ఫ్రాన్స్‌కే పెట్టాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందునుంచి దరఖాస్తు చేయొచ్చు, 15 రోజుల లోపు చేయడానికి వీల్లేదు. రుసుము పెద్దలకు 90 యూరోలు. క్రిస్మస్ ముందు స్లాట్లు దొరకవు, సెప్టెంబరులోనే పట్టుకోమనండి. వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపాలి. అయితే వీసా కోసం కొనే చవక బీమాలో స్కీ ఉండదు. శీతాకాల క్రీడలకు విడిగా కట్టి చేర్పించుకోవాలి.

కొడుకు విషయంలో చాలామంది గమనించని ఒక మెలిక ఉంది. జర్మన్ ప్రభుత్వ బీమా కార్డు వెనకవైపు యూరప్ ఆరోగ్య బీమా కార్డు ఉంటుంది. అది చూసి అన్నిచోట్లా చెల్లుతుందనుకుంటారు. ఈయూ, స్విట్జర్లాండ్ లాంటి దేశాల పౌరులు కానివారికి అది స్విట్జర్లాండ్‌లో చెల్లదు. ఆస్ట్రియా, ఇటలీ, ఫ్రాన్స్‌లలో చెల్లినా ప్రభుత్వ వైద్యానికే. వాలు పక్కన ఉండే క్లినిక్కులు చాలావరకు ప్రైవేటువి. కొండ మీదినుంచి దించే ఖర్చు ఆ కార్డు అసలే ఇవ్వదు, హెలికాప్టర్ వస్తే బిల్లు వేల యూరోల్లో ఉంటుంది. జర్మనీలో విదేశీ ప్రయాణ వైద్య బీమా ఏడాదికి సుమారు పది ఇరవై యూరోలకే దొరుకుతుంది. కొనేముందు 'బెర్గుంగ్స్‌కోస్టెన్' అనే మాట, అంటే రక్షణ ఖర్చు, అందులో ఎంతవరకు ఉందో చూడాలి. ఎవరికైనా మనం గుద్దుకుంటే కట్టే బీమా వేరు. ఇటలీలో వాలు మీదికి పోవాలంటే 2022 నుంచి అది తప్పనిసరి. లేకుంటే పాసుతోపాటు రోజు లెక్కన కొనుక్కోవచ్చు.

నాకు 62, మా ఆయనకు 67. నాకు షుగరు, ఇన్సులిన్ తీసుకుంట. ఆయనకు బీపీ. బిడ్డ స్విట్జర్లాండ్‌ల ఉంటది, టిట్లిస్ చూపిస్తనంటుంది. పోవచ్చునా? చీర కట్టుకుంటే నడుస్తదా?
– నాగర్‌కర్నూల్

స్కీ చేయకుండా మంచు చూసి రావడానికి పోవచ్చు. ముందు డాక్టరును అడగండి. మీ ఆయనకు గుండె జబ్బు ఏమైనా ఉంటే ఇది తప్పనిసరి. టిట్లిస్ కొండ కిందున్న ఎంగెల్‌బెర్గ్ ఊరు సుమారు 1,000 మీటర్ల ఎత్తులో ఉంది, టిట్లిస్ పై స్టేషను 3,000 దాటి ఉంటుంది. గంటలోపే అంత ఎత్తు ఎక్కుతారు. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే 70 శాతమే, అంటే ఒక్కో శ్వాసలో అందే ప్రాణవాయువూ ఆ మేరకు తగ్గుతుంది. దిగగానే ఫొటోలకు ఉరకొద్దు. పావుగంట కూర్చుని, నీళ్ళు తాగి, నెమ్మదిగా నడవండి. తల తిరిగినా, వాంతి వచ్చినట్టున్నా, ఆయాసం ఆగకున్నా కిందికి రావడమే మందు. రెండు గంటలకు మించి పైన ఉండనక్కర్లేదు. స్విట్జర్లాండ్‌లోనే చాలామంది చూసే జుంగ్‌ఫ్రావ్‌యోఖ్ ఇంకా ఎత్తు, 3,454 మీటర్లు. రెండింటిలో ఒకటే అంటే మీకు టిట్లిసే మేలు.

1,000 మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. ఊర్లో సున్నా ఉంటే పైన మైనస్ 13, గాలి వీస్తే చలి ఇంకా ఎక్కువ అనిపిస్తుంది. ఇన్సులిన్ గడ్డకడితే పాడైపోతుంది, తర్వాత కరిగినా పనిచేయదు. పెన్నును చేతిసంచిలో కాకుండా లోపలి బట్టల జేబులో ఒంటికి ఆని ఉండేట్టు పెట్టుకోండి. షుగరు చూసే మిషన్ కూడా అంత చలిలో తప్పు చూపిస్తుంది లేదా ఆగిపోతుంది, లోపలి హాల్లో వెచ్చబడ్డాకే చూసుకోండి. షుగరు వల్ల పాదాల స్పర్శ తగ్గి ఉంటే చలి కొరికినా తెలియదు. తిరిగొచ్చాక వేళ్ళు ఒక్కొక్కటే చూసుకోవాలి.

చీర కుచ్చిళ్ళు మంచుకు తడిసి గట్టిపడి కాళ్ళకు చుట్టుకుంటాయి. థర్మల్ ప్యాంటు మీద నీరు పట్టని ప్యాంటు వేసుకోండి. చీరలో ఫొటో కావాల్సిందేనంటే హాలు లోపల అద్దాల దగ్గర దిగండి, వెనక కొండ ఎలాగూ కనబడుతుంది. బూటు అడుగుకు తగిలించే రబ్బరు ముళ్ళ పట్టీ కొనుక్కుంటే గడ్డమంచు మీద జారరు. టికెట్ మాత్రం ముందురోజు కొనొద్దు. పొద్దున కొండమీది కెమెరా దృశ్యం ఫోన్లో చూసి కొనండి. మబ్బుంటే అంత డబ్బు పోసి తెల్లటి గోడ చూసొచ్చినట్టవుతుంది.

మేం నీసు తినం. స్కీ ఊర్లల్ల ఏం తినాలె?
– జడ్చర్ల దంపతులు

కొండమీది హోటళ్ళలో దొరికేవి చిన్న నూడుల్స్‌కు చీజు కలిపి చేసే కేజెష్పెట్స్‌లె, స్విట్జర్లాండ్‌లో ఆలుగడ్డల రోష్టి, తీపి కావాలంటే ముక్కలు చేసిన అట్టులాంటి కైజర్‌ష్మార్న్. మొదటిదానిలోనూ చివరిదానిలోనూ గుడ్డు ఉంటుంది. రోష్టిలో పంది మాంసం ముక్కలు వేయొద్దని చెప్పాలి. మోసపోయేది సూపుల దగ్గర. ఫ్రిటాటెన్ సూపులో కనిపించేది దోసె ముక్కల్లాంటివే, నీళ్ళు మాత్రం ఆవు ఎముకల రసం. 'కూరగాయల సూపు' అని రాసినా ఏ రసంతో చేశారో అడగండి.

వంటగది ఉన్న గది తీసుకుంటే మేలు. అక్కడి పొయ్యిలు చాలాచోట్ల ఇండక్షన్‌వి ఉంటాయి. అల్యూమినియం కుక్కర్ దానిమీద వేడెక్కదు, అడుగు అయస్కాంతం అంటుకునే ఉక్కుది ఉండాలి. కుక్కర్ లేకుండా కందిపప్పు ఉడికించాలని చూడకండి. 1,800 మీటర్ల ఎత్తులో నీళ్ళు సుమారు 94 డిగ్రీలకే మరుగుతాయి, పప్పు మెత్తబడటానికి చాలాసేపు పడుతుంది. పోపు వేసేటప్పుడు పైన కిటికీ తెరవండి, లేకుంటే ఎండుమిర్చి పొగకు అలారం మోగి భవనమంతా బయటికొస్తుంది. ఊరినుంచి పంపే పెద్దలకు ఒక మాట: నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్ళు ఈయూలోకి తేవడానికి వీల్లేదు, విమానాశ్రయంలో పారేస్తారు. పల్లిపట్టీలు, సకినాలు పంపండి. లిఫ్ట్‌లో కూర్చుని తినడానికి పల్లిపట్టీని మించింది లేదు.

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి కారులో ఆస్ట్రియా పోదామనుకుంటున్నాం. మంచులో బండి నడిపిన అలవాటు లేదు.
– కోదాడకు చెందిన ఉద్యోగి

ముందు లైసెన్సు చూసుకోండి. జర్మనీలో స్థిరపడి ఆరు నెలలు దాటితే భారత లైసెన్సుతో బండి నడపరాదు, ప్రమాదమైతే బీమా కూడా ఎగ్గొడుతుంది. ఆస్ట్రియాలో నవంబరు 1 నుంచి ఏప్రిల్ 15 దాకా మంచు, గడ్డ ఉన్న రోడ్డు మీద చలికాలం టైర్లు ఉండాల్సిందే, టైరు గాడుల లోతు కనీసం 4 మిల్లీమీటర్లు. జర్మనీలో 2024 అక్టోబరు నుంచి టైరు మీద కొండ, మంచురేకు గుర్తు లేకుంటే అది చలికాలం టైరు కింద లెక్క కాదు. అద్దె కారైతే టైర్ల సంగతీ, సరిహద్దు దాటే అనుమతీ బుకింగ్‌లోనే రాయించుకోండి.

చక్రాలకు వేసే గొలుసులు ఇంటి దగ్గర ఒకసారి తొడిగి చూడండి. చీకట్లో, వేళ్ళు కొంకర్లు పోతుండగా మొదటిసారి నేర్చుకునే పని కాదది. ఇంజను ఏ చక్రాలను తిప్పుతుందో వాటికే వేయాలి, చిన్న కార్లలో చాలావరకు ముందువి. కొద్ది దూరం పోయాక ఆగి మళ్ళీ బిగించాలి. వేగం 50 దాటకూడదు. అద్దం కడిగే నీళ్ళలో గడ్డకట్టని ద్రవం కలపండి. రాత్రి బండిని గేరులో వదలండి, హ్యాండ్‌బ్రేక్ వేస్తే తడి గడ్డకట్టి పట్టుకుపోవచ్చు. దిగుడులో బ్రేకు కన్నా చిన్న గేరే నమ్మకం.

ఆస్ట్రియా హైవేకు సరిహద్దు దాటకముందే విన్యెట్, అంటే హైవే రుసుము చీటీ, కొనాలి. బ్రెన్నర్ కనుమ లాంటి చోట్ల దానికి పైన వేరే టోల్ ఉంది. స్విట్జర్లాండ్ గుండా పోతే అక్కడ ఏడాది విన్యెట్ ఒక్కటే, 40 ఫ్రాంకులు. గదులన్నీ శనివారమే మారతాయి గనుక శనివారం రోడ్లు జామ్. ట్రాఫిక్ ఆగగానే ఎడమ వరుస ఎడమకు, మిగతావారు కుడికి జరిగి మధ్యలో అంబులెన్సుకు దారి వదలాలి. వదలకుంటే జరిమానా పడుతుంది.

ముందుగాల గుల్మార్గ్‌ల నేర్చుకుని పోతే మంచిదా? మా మనవనికి అయిదేండ్లు, వానికి నేర్పియ్యొచ్చా?
– గద్వాల

గుల్మార్గ్‌లో భారత స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ ఉంది, శిక్షణ మంచిదే. పిల్లలు యూరప్‌లోనే ఉంటే దానికోసం రానక్కర్లేదు. అయిదేళ్ళవాడికి నేర్పించొచ్చు. పెద్దలకన్నా తొందరగా పట్టుకుంటాడు. చిన్నపిల్లల స్కీ బడిలో వేయండి, చేతికర్రలు ఇవ్వకండి, హెల్మెట్ అద్దెకు తీసుకోండి. గంటన్నరకొకసారి లోపలికి తెచ్చి వేళ్ళు పట్టి చూడండి. పిల్లలు చలి అని చెప్పరు, ఏడుపు మొదలుపెడతారు.

వాలు మీద ఎవరైనా పడి లేవలేకపోతే ఏం చేయాలి? గుద్దుకుంటే తప్పు ఎవరిది?
– దేవరకొండ నుంచి వెళ్ళి ఇన్స్‌బ్రుక్‌లో ఉన్న పాఠకురాలు

వెనకనుంచి, అంటే పైనుంచి వచ్చేవారిదే బాధ్యత. ముందున్నవారు ఎటు తిరిగినా తప్పించుకునేంత వేగంలోనే రావాలని అంతర్జాతీయ స్కీ సమాఖ్య నియమం. ఆగాలనుకుంటే అంచుకు జరిగి ఆగాలి. మలుపు కింద, దిబ్బ కింద ఆగకూడదు, పైనుంచి వచ్చేవారికి కనబడరు.

ఎవరైనా పడితే వారికి పది పదిహేను మీటర్ల పైన రెండు స్కీలను గుణకారం గుర్తులాగా మంచులో నిలబెట్టండి. ఇంకొకరిని అక్కడ నిలబడి చేయి ఊపమనండి. మోకాలు తిరిగినవారిని లేపొద్దు, బూటు విప్పొద్దు. తల తగిలితే హెల్మెట్ తీయొద్దు. కింద ఏదైనా పరిచి, జాకెట్ కప్పండి, కదలకుండా ఉన్న మనిషికి చలి త్వరగా ఎక్కుతుంది. ఆస్ట్రియాలో కొండ రక్షణ నంబరు 140, స్విట్జర్లాండ్‌లో హెలికాప్టర్‌కు 1414, ఎక్కడైనా 112. ఫోన్లో ముందుగా వాలు నంబరు చెప్పాలి. అంచున ఉన్న స్తంభాల మీద అది రాసి ఉంటుంది, చాలాచోట్ల స్తంభానికి కూడా వరుస నంబరు ఉంటుంది, అదీ చెబితే నేరుగా వచ్చేస్తారు.

గుద్దుకున్నాక తప్పు ఎవరిదైనా ఇద్దరూ పేరు, చిరునామా ఇచ్చిపుచ్చుకోవాలి, చూసినవారు కూడా ఇవ్వాలి. ఎదుటివారు "ఏం కాలేదు" అని వెళ్ళిపోబోయినా ఆపి తీసుకోండి. మోకాలు వాచేది సాయంత్రానికి, బీమావాళ్ళు అడిగేది ఆ కాగితం.